విరగాల్సిన బోల్ట్

మొదట్లో నతానియేలు చేతిలో ఉన్నవి ఇవి. నాచారంలో మల్లాపూర్ దారి మీద ఒక నట్టు బోల్టుల దుకాణం. దాని వెనక ఒక రేకుల షెడ్డు. కౌంటరు కింద ఒక ఆముదం డబ్బా. "నతానియేలు బోల్ట్ ఇరగదు" అన్న పేరు. చెల్లెలు రోజీ బిడ్డ, మరియా.

మొదటి మూడూ అమ్మకానికి పెడితే ఎవరో ఒకరు కొనేవాళ్ళు. పేరు సంపాదించడానికి సగం జీవితం పట్టింది కాబట్టి దాన్ని అమ్మడు. మేనకోడలి సంగతి అసలు బేరంలోకే రాదు. నతానియేలుకూ అతని భార్య మార్తమ్మకూ పిల్లలు లేరు. దేవుడు తమకు పంపాల్సిన సరుకును చెల్లెలింటి చిరునామాకు పంపించాడని అతని నమ్మకం. చేరాల్సిన చోటికి చేరింది, ఏ దారిన వస్తేనేం?

నిజంగానే చేరింది. రోజీ అంబర్‌పేట్‌లో ఒక బడిలో టీచరు, ఆమె మొగుడు లారీ మీద ఊళ్ళు తిరిగేవాడు. బడి వదలగానే మరియా మామ దుకాణంలోనే ఉండేది. గోనెసంచి మీద కూర్చుని, కళ్ళు మూసుకుని, వేళ్ళతో తడిమి బోల్టులను సైజుల వారీగా డబ్బాల్లో వేసేది. దాని నోటికి మాత్రం తాళం ఉండేది కాదు. ప్రతిదానికీ ఎందుకు అనడమే. బోల్టుకు ఆముదం ఎందుకు పూస్తవు? తుప్పు పట్టకుండా. కొబ్బరినూనె ఎందుకు పూయవు? అది మీ అత్త నెత్తికి. పక్క వెల్డింగు షాపులో ఒక గ్యాస్ సిలిండర్ మర మిగతావాటిలా కాకుండా ఉల్టా ఎందుకు తిరుగుతది? దానికీ అతను జవాబు చెప్పాడు. చెప్పి మర్చిపోయాడు. వ్యాపారి ఊరికే ఇచ్చినవి గుర్తు పెట్టుకోడు.

మరియా ఇంజనీరింగు చదివి పోచారంలో ఒక పెద్ద సాఫ్ట్‌వేర్ కంపెనీ క్యాంపస్‌లో ఉద్యోగంలో చేరింది. రోజీ చర్చిలో లేచి, దేవుడు చేసిన మేలని సాక్ష్యం చెప్పి మరీ సంతోషపడింది. ఆ సాక్ష్యం చల్లారకముందే పిల్ల ఆ ఉద్యోగం వదిలేసి, రంజిత్ అనే అతను పెట్టిన చిన్న కంపెనీలో చేరింది. అంతా కలిపితే ఒక ఆటోలో పట్టే కంపెనీ. ఉపగ్రహాన్ని రాకెట్‌కు బిగించి ఉంచి, పైకి పోయాక విడిచిపెట్టే పరికరం తయారు చేస్తామన్నారు. రోజీ ఏడ్చింది, తిట్టింది, ఉపవాస ప్రార్థన పెట్టింది. చివరికి నతానియేలు మధ్యలో దిగి ఒప్పందం కుదిర్చాడు. క్రిస్మస్‌లోపు ఆ పరికరాన్ని ఎవరైనా కొంటే సరి. కొనకపోతే మరియా కిక్కురుమనకుండా మళ్ళీ పోచారం పోవాలి.

"దీనికి జామీను ఎవరు?" అంది రోజీ.

"నేను," అన్నాడు అన్న. అన్నవాడు ఊరుకోక, తన షెడ్డు కూడా వాళ్ళకే ఇచ్చాడు.

ఆ షెడ్డులోంచి అతనికి వినపడిన మొదటి చప్పుడు ఏదో విరిగిన చప్పుడు. ఆ తర్వాత రోజూ అదే. ఒక బల్ల మీద వస్తువును బిగించి, ఆ బల్లను కుదిపి కుదిపి విరగ్గొట్టేవాళ్ళు. విరిగిందాన్ని చూసి చప్పట్లు కొట్టేవాళ్ళు. గుమ్మం పక్కన విరిగిన ముక్కల డబ్బా నిండుతుంటే నతానియేలు ఎంత ఇనుము దండగైందో లెక్క కట్టేవాడు.

"గిదేం యాపారం బిడ్డా? గిరాకీ కొన్నంక ఇరిగితే నష్టమని మేం భయపడ్తం. మీరు అమ్మకముందే ఇరగ్గొట్టుకుంటున్రు."

"ఈడ ఇరిగితే పాఠం మామా. పైన ఇరిగితే పాడె."

"మరి గట్టిది ఒక్కటే చేస్తే అయిపాయె గదా?"

"ఎంత గట్టిదో ఇరగ్గొట్టకుండ ఎట్ల తెలుస్తది? పెద్ద పెద్ద కంపెనీలు ఏండ్లకేండ్లు కాయితం మీద లెక్కలు చేసి ఒక్కటే చేస్తయి. మాకు గంత టైం లేదు. చిన్నగ చేస్తం, జల్ది ఇరగ్గొడ్తం, మళ్ళ చేస్తం. గదే మా పద్ధతి."

మామకు ఇందులోంచి ఒక సంగతి అర్థమైంది. బలహీనమైనవన్నీ విరిగిపోతాయి, చివరికి విరగనిదేదో దాన్ని రాకెట్ మీద పెడతారు. తూర్పార పట్టి తాలు తీసేసినట్టన్నమాట. అతని లెక్క చాలావరకు సరైనదే. ఒక్క వస్తువు దగ్గరే తప్పింది. ఆ పరికరంలో మిగతావన్నీ విరగకూడదు. బోల్ట్ మాత్రం విరగాలి.

ఉపగ్రహాన్ని పట్టి ఉంచేది ఆ ఒక్క బోల్టే. దాని చుట్టూ ఒక లోహపు గొట్టం తొడుగుతారు. కరెంటు పెట్టి వేడి చేస్తే ఆ గొట్టం పొడుగవుతుంది, పొడుగై బోల్టును సాగదీస్తుంది. బోల్ట్ మెడ దగ్గర ముందే సన్నగా గాడి కోసి ఉంచుతారు కాబట్టి సరిగ్గా అక్కడ తెగుతుంది. వెంటనే స్ప్రింగు ఉపగ్రహాన్ని మెల్లగా తోసేస్తుంది. చాలామంది ఇదే పనికి చిన్న పేలుడు మందు వాడతారు. ఈ పిల్లల గొప్పంతా మందు లేకుండా చేయడంలోనే ఉంది. మరియా ఇదంతా మామకు చెప్పకపోలేదు. అతను "పట్టి ఉంచేది" అన్నంతవరకు శ్రద్ధగా విని, అంతలో గిరాకీ వస్తే లేచి పోయాడు.

డిసెంబరు మొదట్లో బెంగుళూరు నుంచి సూర్యకళ అనే ఆవిడ వస్తుందని కబురు వచ్చింది. ఉపగ్రహాలు తయారు చేసే కంపెనీ వాళ్ళది. పరీక్ష ఆవిడ కళ్ళముందు నెగ్గితే ఆర్డరు. ఇంకెవరూ వచ్చేది లేదు, క్రిస్మస్ దగ్గర పడింది. సోమవారం ఆవిడ వస్తుందనగా శనివారం నాటికి పిల్లలు పరికరాన్ని బిగించి సిద్ధంగా పెట్టి, ఉప్పల్ రింగురోడ్డు దాకా పోయి బిర్యానీ తిని వస్తామని వెళ్ళారు.

నీళ్ళ మోటరు ఆపడానికి నతానియేలు షెడ్డులోకి పోయాడు. బల్ల మీద పరికరం మెరుస్తోంది. పక్కన పళ్ళెంలో మిగులు బోల్టులు ఉన్నాయి. ఒకటి చేతిలోకి తీసుకున్నాడు. మెడ దగ్గర చుట్టూ కోసేసి ఉంది.

వెలుతురుకు పట్టి, ఆ కోతను గోటితో గీరి చూశాడు.

"ఎవడో పిల్లలకు దొంగమాల్ అంటగట్టిండు," అనుకున్నాడు. ఇలాంటివి అతను చాలా చూశాడు. లేత్ మీద తప్పు కోత పడ్డ సరుకును అమాయకులకు అమ్మేవాళ్ళు ఊళ్ళో కొదవా? బల్ల మీద బిగించింది కూడా ఇదే రకం అయి ఉంటుంది. సోమవారం ఆవిడ ముందు పుటుక్కున విరిగితే? ఆర్డరు పోతుంది, పిల్ల పోచారం పోతుంది, జామీను తనది. అన్నిటికన్నా మించి, నతానియేలు దుకాణం వెనక, నతానియేలు షెడ్డులో, నతానియేలు మేనకోడలి చేతిలో విరిగిన బోల్ట్!

చెబుదామనుకున్నాడు. చెబితే పిల్ల మనసు చిన్నబోతుంది, నిన్నటిదాకా మురిసిపోతూ చేసింది. మంచి పనికి చాటింపు ఎందుకు? దుకాణంలోకి పోయి, అదే సైజులో తన దగ్గరున్న అన్నిటికన్నా గట్టి బోల్ట్ ఏరాడు. అలవాటు ప్రకారం ఆముదం గుడ్డతో మరలు తుడిచాడు. పరికరం మీదున్న చిన్న మూత తీసి, గాడి కోసిన బోల్టును బయటికి లాగి, తనది దిగేసి, చేతులారా బిగించి, మూత పెట్టేశాడు. పాత బోల్టును జేబులో వేసుకున్నాడు. ఆదివారం చర్చిలో అతని పాట అందరికన్నా గట్టిగా వినపడింది.

సోమవారం సూర్యకళ వచ్చింది. నెరిసిన జుట్టు, తక్కువ మాటలు. నతానియేలు చాయ్ ఫ్లాస్కు వంకతో షెడ్డు గుమ్మంలో నిలబడ్డాడు. రంజిత్ అన్నీ వివరించాడు. మరియా స్విచ్ మీద వేలు పెట్టి ఒక్క క్షణం కళ్ళు మూసుకుంది. చిన్నప్పుడు బోల్టులు ఏరేటప్పటి ముఖమే.

స్విచ్ పడింది. గొట్టం వేడెక్కుతోందని తెర మీద అంకెలు పెరిగాయి. అంకెలు ఇంకా పెరిగాయి. పరికరం కిర్రుమంది, మూలిగింది. ఉపగ్రహం బదులుగా పెట్టిన ఇనుప దిమ్మె కదల్లేదు. మరియా తెరకేసి వంగి అంకెలు మళ్ళీ చదివింది. రంజిత్ స్విచ్ ఆపేశాడు.

గుమ్మం దగ్గర్నుంచి గట్టిగా ఒక గొంతు వినపడింది.

"ఇరగలె! సూసిన్రా మేడమ్? గంత గుంజినా ఇరగలె! అది మా బోల్ట్!"

అందరూ అటు తిరిగారు. నతానియేలు ఫ్లాస్కు చంకలో పెట్టుకుని చప్పట్లు కొట్టబోతున్నాడు. తనతో పాటు ఇంకెవరూ కొట్టడం లేదని అప్పుడు చూశాడు.

మరియా పరికరం దగ్గరికి పోయింది. మూత తీసింది, బోల్ట్ తీసింది. ముక్కు దగ్గర పెట్టుకుంది.

"ఆముదం," అంది.

"తుప్పు పట్టొద్దని..." అన్నాడు మామ, ఫ్లాస్కు కింద పెట్టి.

"మామా, ఇది ఇరగాలె. ఇరగనీకే చేసినం. ఇరిగితేనే ఉపగ్రహం పోతది. ఇరగకపోతే రాకెట్‌ను పట్టుకొని ఏలాడ్తది, మన మార్తమ్మత్త చీర బండి చక్రంల ఇరుక్కున్నట్టు."

నతానియేలు జేబులోంచి గాడి కోసిన బోల్ట్ తీసి బల్ల మీద పెట్టాడు. పెట్టి, గుమ్మం వైపు నడిచాడు. బిడ్డా అని పిలుద్దామనుకున్నాడు గానీ ఆ మాటకు ఈ పూట తనకు హక్కు లేదనిపించింది.

"యాడికి పోతున్నవ్?" అంది మరియా వెనక నుంచి.

"దుకాణంల గిరాకీ..."

"గిరాకీ లేదు గిరాకీ తాత లేడు. రా, కూసో. ఈడ ఏదన్న తప్పయితే అందరం గుండ్రంగ కూసుంటం. ఎవ్వరు చేసిన్రు అని అడగం. ఎట్ల అయింది అని అడుగుతం. నువ్వు లేకపోతే ఎట్ల అయిందో ఎవ్వరు చెప్తరు?"

నతానియేలు స్టూలు మీద కూర్చున్నాడు. కోర్టులో ముద్దాయి కూర్చున్నట్టు, రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకుని. సూర్యకళ కూడా ఒక కుర్చీ లాక్కుంది.

"బోల్ట్ ఎందుకు విరగలేదు?" అన్నాడు రంజిత్.

"గాడి లేనందుకు," అంది మరియా.

"గాడి లేని బోల్ట్ లోపలికి ఎట్ల పోయింది?"

"ఒక మంచి మనిషి పెట్టిండు."

"మనిషి ఊసు వద్దు. అది మన రూల్."

"సరే. ఆ రంధ్రంల బజార్ల దొరికే ఏ బోల్ట్ అయినా దిగుతది. అందుకే పోయింది."

"దిగినాక మనకు ఎందుకు తెలువలె?"

"పైన మూత ఉంది. మూత ఉంటే తల కనిపించదు."

నతానియేలు బడిపిల్లాడిలా చెయ్యి ఎత్తాడు. "నేనొకటి అడగొచ్చా? ఆ బోల్ట్ ఇరగాలె అని దాని మీద ఎక్కడ రాసుంది? నా కండ్లకు అది చెడిపోయిన సరుకు లెక్కనే కొట్టింది."

ఎవరూ నవ్వలేదు. రంజిత్ ఆ మాట బోర్డు మీద రాసుకున్నాడు. అది చూసి నతానియేలు కొంచెం నిటారుగా కూర్చున్నాడు.

మరియా బోల్టును వేళ్ళ మధ్య తిప్పుతూ ఉంది. కుడికి, ఎడమకు, మళ్ళీ కుడికి. తిప్పుతున్నది తిప్పుతున్నట్టే ఆగిపోయింది.

"మామా, పక్క షాపుల వెల్డింగు సిలిండర్ మర ఉల్టా ఎందుకు తిరుగుతది?"

"ఇప్పుడది ఎందుకే?"

"జెప్పు."

"రెండు సిలిండర్లు ఉంటయి. ఒకదాని పైపు ఇంకోదానికి పెడితే పేల్తది. అందుకే మంట గ్యాస్ దానికి ఉల్టా మర. తాగి వచ్చినోడు పెట్టినా పట్టదు. తప్పు చెయ్యి పడ్డా తప్పు జరగొద్దని..."

అతను సగంలో ఆగాడు. మరియా నవ్వుతోంది.

"గీ మాట నువ్వు చెప్పినప్పుడు నాకు ఆరేండ్లో ఏడేండ్లో. మన బోల్టుకు ఉల్టా మర కోద్దాం, రంజిత్. బజార్ బోల్ట్ ఏదీ పట్టదు. ఎంత ప్రేమ ఉన్నోడు వచ్చినా పట్టదు."

సూర్యకళ అప్పటిదాకా తన నోట్‌బుక్‌లో రాసుకుంటూ ఉంది. ఇప్పుడు కుర్చీలోంచి లేచింది. "నేను ఈరోజు ఆర్డరు ఇవ్వలేను," అంది. రంజిత్ తల వంచుకున్నాడు. "కానీ ఇది ఇక్కడ జరిగినందుకు నాకు సంతోషమే. ప్రయోగ కేంద్రంలో ఎవరో అలసిపోయిన మనిషి ఇదే పని చేసి ఉంటే మనకు కారణం కూడా తెలిసేది కాదు. క్రిస్మస్ ముందు వారం మళ్ళీ వస్తాను. ఒక షరతు. పరీక్షకు ముందు రోజు ఈ పెద్దాయన్ని ఈ పరికరంతో ఒంటరిగా ఒక గంట వదిలేయండి. చేతికి ఏ పనిముట్టు కావాలంటే అది ఇవ్వండి. మంచి బుద్ధితో ఆయన చేయగలిగిందంతా చేయనివ్వండి. దానికి తట్టుకుంటే అంతరిక్షానికి తట్టుకున్నట్టే."

ఆవిడ పోయాక నతానియేలుకు ఇంకో పని మిగిలింది. రోజీకి ఫోను చేశాడు.

"చెల్లే, పరీక్ష కాలె."

"నేను ముందే చెప్పిన! పోచారం వాళ్ళకు ఫోన్ చేయమను. జామీను ఉన్నవ్ కదా, నువ్వే తోలుకపో."

"పిల్ల ఫెయిల్ కాలె. నేను ఫెయిలయిన."

జరిగిందంతా చెప్పాడు. అవతల ముందు కిసుక్కుమన్న చప్పుడు. తర్వాత నవ్వు, ఆగని నవ్వు, చివర్న దగ్గు.

"నీ బోల్ట్ ఇరగలేదని చప్పట్లు కొట్టినవా అన్నా? అందరి ముందట?"

"కొట్టలె. కొట్టబోయిన."

"క్రిస్మస్ దాక ఆగుత. నీ మొఖం చూసి కాదు, ఆ బెంగుళూరు అమ్మ మొఖం చూసి."

ఉల్టా మర కోసే పనిముట్టు నాచారంలో చిన్న సైజులో దొరకలేదు. నతానియేలు షట్టరు దించి రాణిగంజ్ పనిముట్ల బజారుకు పోయాడు. పాత స్నేహితులందరినీ అడిగాడు. ఉల్టా మర ఎందుకు అన్నా అని వాళ్ళు అడిగితే, "మా పిల్ల నా అసుంటోళ్ళను లోపలికి రానియ్యద్దంటుంది," అన్నాడు. పనిముట్టు చేతికి వచ్చింది. దగ్గర్లో తెలిసిన లేత్ మీద బోల్టులకూ అవి దిగే రంధ్రానికీ ఉల్టా మర కోయించి, షెడ్డులో ఇచ్చాడు. ఈసారి దేనికీ ఆముదం పూయలేదు. పైన గాలి లేని చోట నూనె ఆవిరై ఉపగ్రహం కెమెరా కళ్ళకు మసక పడుతుందట. "మీ అత్తకు చెప్పాలె, అంతరిక్షంల నెత్తికి నూనె పెట్టరట," అన్నాడు.

కొత్త బోల్టులు గాడి దగ్గర ఒక్కొక్కటిగా విరుగుతుంటే దుకాణంలో కూర్చుని వినేవాడు. టప్. ఇదివరకు ఆ చప్పుడుకు అతని భుజాలు ఎగిరిపడేవి. ఇప్పుడు చప్పుడు ఆలస్యమైతే కౌంటరు వదిలి వెళ్ళి, "ఏందే, ఇంక ఇరగలేదా?" అని అడిగి వచ్చేవాడు.

పరీక్ష ముందు రోజు మధ్యాహ్నం మరియా అతన్ని షెడ్డులో వదిలి బయటి నుంచి గడియ పెట్టింది. "ఏం చేస్తవో చెయ్ మామా. దాచుకోకు."

లోపల నతానియేలు నిజాయితీగా కష్టపడ్డాడు. తన దుకాణంలోని బోల్టులన్నీ పెట్టి చూశాడు, ఒక్కటీ పట్టలేదు. మూత ఇప్పుడు పారదర్శకంగా ఉంది, లోపల ఏముందో కనిపిస్తోంది. పక్కన పెద్ద ఎర్ర అక్షరాలతో "ఇది విరగాలి" అని రాసి ఉంది. అది అతని కోసమే రాశారని తెలిసి నవ్వుకున్నాడు. నూనె డబ్బా పక్కన పెట్టాడు. ఇక చేసేదేం లేదనుకునే లోపల స్ప్రింగు కంటపడింది. స్ప్రింగు చివర కొంచెం వదులుగా కదులుతోంది. కదిలేదాన్ని చూస్తే అతని చెయ్యి ఊరుకోదు. సన్నటి తీగ తీసి, ఒక చుట్టు చుట్టి, ముడి వేశాడు. లారీల కింద మెకానిక్కులు కట్టినంత ముద్దుగా.

గడియ తీసిన మరియా ఆ తీగను చూసి నెత్తిన చెయ్యి పెట్టుకుంది. తర్వాత మామను గట్టిగా కౌగిలించుకుంది.

"స్ప్రింగు కట్టేస్తే బోల్ట్ ఇరిగినా ఉపగ్రహం కదలదు! ఇది మాకు తట్టనేలేదు! రంజిత్, ఇటు రా, మామ ఇంకోటి దొరకబట్టిండు!"

ఆ రాత్రికి ఆ స్ప్రింగుకు తొడుగు పడింది. మరునాడు సూర్యకళ ముందు స్విచ్ పడింది. తెర మీద అంకెలు పెరిగాయి. గుమ్మంలో ఫ్లాస్కుతో ఉన్న నతానియేలు పెదవులు కదులుతున్నాయి. తన బోల్ట్ విరగాలని అతను ప్రార్థన చేయడం పుట్టి బుద్ధెరిగాక అదే మొదటిసారి.

టప్.

ఇనుప దిమ్మె ఉయ్యాలలో పాపలా మెల్లగా ముందుకు జరిగింది. ఈసారి చప్పట్లు ముందు కొట్టింది సూర్యకళ. రోజీకి ఫోను చేసింది మరియానే. ఈసారి అవతల వినిపించింది ఏడుపు, కానీ అది వేరే రకం ఏడుపు. చర్చిలో మళ్ళీ సాక్ష్యం చెబుతానంది.

ఇక లెక్క చూస్తే, పోయినవి ఇవి. దుకాణంలోని అన్నిటికన్నా గట్టి బోల్ట్ ఒకటి. అది సాగి పనికిరాకుండా పోయింది. "నతానియేలు బోల్ట్ ఇరగదు" అన్న పేరు కూడా పోయింది. ఎందుకంటే ఇప్పుడు కౌంటరు మీద గాజు కింద రెండు ముక్కలైన బోల్ట్ ఒకటి ఉంది. "ఇదెవరిది అన్నా?" అని గిరాకీలు అడుగుతారు. "నాదే. చెప్పినప్పుడే ఇరిగింది," అంటాడు అతను.

వచ్చినవి: ఆ రెండు ముక్కలు. పోచారం పోకుండా వెనక షెడ్డులోనే ఉండిపోయిన మేనకోడలు. ఆ కంపెనీలో ఒక కొత్త పద్ధతి. ఏ పరికరం తయారైనా బయటికి పంపే ముందు నతానియేలుతో ఒక గంట లోపల పెట్టి గడియ వేస్తారు. బోర్డు మీద దాని పేరు "మామ పరీక్ష" అని రాసి ఉంటుంది. పని ఉన్న రోజు దుకాణం గుమ్మంలోకి వచ్చి, గిరాకీల ముందే మరియా పిలుస్తుంది:

"మామా, జర వచ్చి చెడగొట్టి పోవా?"

అతను కౌంటరు మార్తమ్మకు అప్పగించి, స్పానర్లన్నీ తీసుకుని పోతాడు. దానికి ఇప్పటిదాకా రేటు కట్టలేదు.